నెలపొడుపు సాక్ష్యం

నా చిన్నప్పుడు రంజాన్ నెల ముగిసే సాయంత్రం కాటన్‌పేటలో మా వీధి వీధంతా మా మేడ వైపే చూసేది. అప్పటికే మా దూది గోదాములు పోయాయి. కింది వాటాలన్నీ ఇతరులవైపోయి, మాకు మేడ మీద రెండు గదులు మిగిలాయి. అయినా మా నాయన తండ్రి, జేజినాయన, షేర్వానీ గుండీలన్నీ పెట్టుకున్నాకే మెట్లు దిగేవాడు. మరునాడు పండుగ అనాలంటే నెలవంకను చూసిన సాక్షులు ఇద్దరుండాలి. మొదటి మాట మాత్రం నాలుగు తరాలుగా మా ఇంటిదే.

ఆయన కళ్ళకు పొర కమ్మిందని నాకొక్కదానికే తెలుసు. రెండేళ్ళుగా నేను వేలితో చూపిస్తే ఆయన అటు చూసి, కిందికి వెళ్ళి 'చూశాను' అనేవాడు. ఇంటి పరువు కాపాడుతున్నానని నేను పొంగిపోయేదాన్ని.

నా పదకొండో ఏట, ఇరవై తొమ్మిదో ఉపవాసం నాటి సాయంత్రం, పడమర నల్లగా మూసుకుపోయింది. గాలి ఆగిపోయింది. మసీదు పెద్దలిద్దరు మెట్ల కింద నిలబడ్డారు.

"ఏమప్పా పెద్దాయనా, ఆడోళ్ళు సేమియా ముందేసుకొని కూచోనుండారు. ఆలస్యమైతే మమ్మల్నే వేయించేస్తారు!" అని ఒకాయన కేకేశాడు. రెండో ఆయన నవ్వలేదు. ఈసారి ముసలాయనకు కనపడకపోతే సాక్ష్యం వేరే ఇంటికి పోతుందని వీధిలో అనుకోవడం నేను విన్నాను. ఆ మాటే నన్ను తినేస్తోంది.

మబ్బుల్లో ఒక చీలిక కనబడింది. అందులో ఏమీ లేదు. "అదిగో, జేజినాయనా" అన్నాను.

ఆయన చాలాసేపు అటే చూశాడు. "కొమ్ములు ఏ పక్కకుండాయి, అమ్మీ?" అన్నాడు.

"కిందికి."

నా భుజం మీద ఆయన చెయ్యి బరువెక్కింది. సూర్యుడు కుంగిన వైపు నెలవంక వీపు ఉంటుంది, కొమ్ములు పైకే ఉంటాయి. రెండేళ్ళు నా కళ్ళతో చూసిందే, భయంలో మరిచాను.

"పోయిన రెండేళ్ళూ?"

"నిజంగానే చూసినా."

"నువ్వు చూసినావు. నేను చూళ్ళేదు. చూసినానని చెప్పినా."

సాక్షిని నమ్మి ఉపవాసం విడిచినవాళ్ళకు పాపం లేదని, వాళ్ళ పండుగ పండుగేనని ఆయన చెప్పాడు. కానీ ఊరంతా నమ్మినా లేని నెలవంక పుట్టదు, ఎవరూ నమ్మకపోయినా ఉన్నది పోదు. అది అల్లా పెట్టిన చోటే ఉంటుంది. మన చేతిలో ఉండేది మన మాట ఒక్కటే. పోయిన రెండేళ్ళూ ఆకాశంలో నెలవంక నిజమే అయినా, తన నోట్లో అది అబద్ధమేనన్నాడు.

తర్వాత మెట్లు దిగి ఆ ఇద్దరికీ అంతా చెప్పాడు. నా పేరు ఎత్తలేదు.

"మరి పోయిన రెండు పండుగలు?" అన్నాడు రెండో ఆయన.

"మీ పండుగలు మీవే. పాపం నాది."

ఇద్దరూ సలాం చెప్పకుండానే వెళ్ళిపోయారు. జేజినాయన మొట్టమొదటిసారి గోడ పట్టుకుని పైకొచ్చాడు. మరుసటి ఏడు మా మెట్ల దగ్గరికి ఎవరూ రాలేదు.

ఇప్పుడు ఇంటికి పెద్దదాన్ని నేను. మా వంశం పేరు మళ్ళీ నిలబడాలనే కోరిక నాలో చావలేదు, దాచను. అందుకే ఎవరైనా తగవు తెచ్చి 'నువ్వే చెప్పు' అన్నప్పుడల్లా లోపల ఏదో బిగుసుకుంటుంది. నేను చెప్పబోయేది చూసినదా, చూడాలనుకున్నదా? అది తేలేదాకా నోరు విప్పను.