కల్తీ అన్న మాట

వడమాలపేటలో మా నాయనకు పిండిమర ఉంది. మిరపకాయలు ఆడించాక గుప్పెడు నూకలు వేసి మరను శుభ్రం చేయనిదే ఆయన తర్వాతి వాళ్ళ రాగులు ముట్టరు. మర వాళ్ళను ఇంకేమన్నా పడతారు గానీ, కల్తీ అంటే పడరు. తిరుపతిలో నేను పరిశోధనకు చేరినప్పుడు నా గైడ్‌కు ఈ సంగతి తెలియదు. తెలిసినా ఆయన నోరు ఆగేది కాదు.

నా పని గ్రాఫైటును మరాడించడం. గుండ్లు వేసిన గిన్నెలో పొడి పోసి మిషన్‌లో తిప్పాలి. ఇంటి అలవాటు కొద్దీ ప్రతిసారీ ముందు ఇసుక ఆడించి గిన్నె కడిగేదాన్ని. పది గంటలు తిప్పి చూపిస్తే, "ఇంకా మెత్తగా కావల్లమ్మా, ముప్పై గంటలు తిప్పు" అన్నారు గైడ్. తిప్పాను. పొడి లోపలి అమరికను చూపే ఎక్స్‌రే గ్రాఫులో సూదిలా నిలబడాల్సిన గ్రాఫైటు శిఖరం లేదు. బొగ్గుకు వచ్చేలాంటి వెడల్పాటి గుట్ట ఒకటి మిగిలింది.

"బొగ్గు కలిపినావా? గ్రాఫైటు యాడికి పోయింది?" అని ల్యాబ్‌లో అందరి ముందూ అరిచారు. "కల్తీ చేసినానని రాసియ్యి. లేకుంటే నీ థీసిస్ మీద నేను సంతకం పెట్టను."

ఒళ్ళు మండిపోయింది. గ్రాఫైటంటే దోసెల దొంతర, పొర మీద పొర. గుండ్ల దెబ్బకు ఆ పొరలు జారి, చిరిగి, వరస తప్పుతాయి. కార్బన్ ఎక్కడికీ పోదు, అమరిక పోతుంది. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన పెద్దమనిషికి అది తట్టలేదు, కల్తీ తట్టింది. ఎవరి బుద్ధి వాళ్ళకు ముందు తోస్తుంది కాబోలు.

పిండి ఎంత నలిగిందో మధ్యమధ్య చిటికెడు తీసి చూడటం మర వాళ్ళ గుణం. అలా అయిదేసి గంటలకు తీసిన పొట్లాలు నా దగ్గర ఉన్నాయి. అన్నింటికీ ఎక్స్‌రే తీయించాను. పొట్లం పొట్లానికీ శిఖరం కుంగుతూ, వెడల్పవుతూ వచ్చింది. బొగ్గు కలిపి ఉంటే సూది పొట్టిదయ్యేదే గానీ సూదిగానే ఉండేది.

గ్రాఫులు ఆయన బల్ల మీద పరిచాను. ఒక్కొక్కటే తీసి చూశారు.

"భలే ఉండాదే! పేపరు రాసేద్దాం."

"ముందు కల్తీ అన్న మాట వెనక్కి తీసుకోండి సార్."

"మాటకేముండాది లేమ్మా, కోపంలో వంద అంటాం" అని నవ్వారు.

ఆ మధ్యాహ్నమే గైడ్‌ను మార్చమని అర్జీ పెట్టాను. నా చదువు రెండేళ్ళు వెనక్కి పోయింది. ఈనాటికీ ఆయన ఎదురుపడితే చేతులు జోడించను.