రేగడిమట్టిలో అచ్చు తీసిన పిడి

నాకు కత్తులు కొనే అలవాటు లేదు. పిడులు మార్చే అలవాటు ఉంది. ఊడిన పిడి, పగిలిన పిడి, పొయ్యి పక్కన పెడితే కరిగిపోయిన ప్లాస్టిక్ పిడి, ఏది కనబడినా చేతులు ఊరుకోవు. స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి వరండాలో వైసు బిగించుకుని నల్లతుమ్మ చేవ చెక్కుతుంటే ప్రత్తిపాడులో మా వీధివాళ్ళు మొదట్లో జాలిపడ్డారు. ఇప్పుడు వాళ్ళే కత్తులు తెచ్చి గుమ్మంలో పడేసి పోతున్నారు. "ఇంట్లో కుళాయి కారుతుంటే పట్టదు గానీ ఊళ్ళో కత్తులన్నీ ఈయనకే కావాలి" అంటుంది మా ఆవిడ. కుళాయి సంగతి నిజమే.

పని పెద్దదేమీ కాదు. పాత పిడి పగలగొట్టి, లోపలున్న కత్తి తోకను శుభ్రం చేయాలి. దానికి రెండు వైపులా చెక్క ముక్కలు గమ్ముతో అతికించి, ఇత్తడి రివిట్లు కొట్టి, ఆకురాయితో అరగదీసి, ఉప్పుకాగితం పట్టి, చివర్లో అవిసె నూనె రాయాలి. తొందరపడితే చెక్క చీలుతుంది. నాకు మనుషుల దగ్గర ఓపిక తక్కువ, చెక్క దగ్గర మాత్రం బోలెడు.

మా అక్కది ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్ళే దారిలో ఒక పల్లె. ఆ చుట్టుపక్కల ఆమె నోరు తెలియనివాళ్ళు లేరు. చర్చిలో కోతపండగ ప్రేమవిందు వచ్చిందంటే ఉల్లిపాయలు తరిగే ఆడవాళ్ళ వరసకు ఆమే పెద్ద. ఎవరు లావుగా తరిగినా, ఎవరు తొక్క వదిలేసినా అక్కడికక్కడే కడిగేసేది. నన్నయితే లాగూ వేసుకున్న రోజుల నుంచి పెన్షన్ పుచ్చుకునే వయసు దాకా తిడుతూనే వచ్చింది. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. మా ఇద్దరి సంభాషణ అంటే అదే.

పోయిన ఏడాది ఆమెకు పక్షవాతం వచ్చింది. నడక తిరిగి వచ్చింది, మాట వచ్చింది, కుడిచెయ్యి సగమే వచ్చింది. వేళ్ళు వంగుతాయి గానీ పూర్తిగా ముడుచుకోవు. తిట్లు మాత్రం అసలు రాలేదు. ఏమడిగినా "నీ ఇష్టంరా" అనేది. కాఫీ చల్లారిపోయినా బాగుందనేది. కింద కూర్చోలేదు కాబట్టి కత్తిపీట అటకెక్కింది. చాకు పట్టుకోబోతే కోడలు లాగేసుకునేది. ఆ పిల్లను అనడానికి లేదు, పాపం దాని భయం దానిది.

ఈసారి కోతపండక్కి అక్కకు ముందు వరసలో కుర్చీ వేస్తారట. "పాస్టరమ్మగారి పక్కన కూర్చోవాలంటరా. చుట్టంలాగా" అంది. నాకు ఒళ్ళు మండింది. కుర్చీ మీద కాదు, ఆ మాట అంత మెత్తగా చెప్పినందుకు.

"నీ చేతికి సరిపోయే పిడి నేను చేస్తానక్కా. వరసలోనే కూర్చుందువు గాని."

"నీ ఇష్టంరా."

సగం ముడుచుకునే చేతికి లావుపాటి పిడి కావాలి. ఎంత లావు? అచ్చు తీస్తే తెలుస్తుందనుకున్నాను. అక్కవాళ్ళది ఇసుకనేల, ముద్ద నిలవదు. అందుకని మా పత్తిచేలో నుంచి నల్లరేగడి తవ్వి, తడిపి, పిసికి, క్యాన్‌లో పెట్టుకుని బస్సెక్కాను. పక్కసీటాయన ఏంటండీ అది అంటే మందు అన్నాను. అక్క చేతిలో ముద్ద పెట్టి నొక్కమన్నాను. నాలుగు వేళ్ళూ, అరచెయ్యీ చక్కగా పడ్డాయి. ఇంటికి తెచ్చి వరండాలో ఎండబెట్టి, గట్టిపడ్డాక దాని కొలతలతోనే పిడి చెక్కి ఒక కత్తికి బిగించాను. నేను చేసినవాటిలో అంత నునుపైన పిడి ఇంకోటి లేదు.

తీసుకెళ్ళి చూపిస్తే అక్క వేళ్ళు దాని చుట్టూ గాలిలోనే ఆగిపోయాయి. కత్తి జారి బల్లమీద పడింది. "బాగుందిరా, నా చెయ్యే బాగాలేదు" అంది. కోడలు కత్తి తీసి లోపల పెట్టేసింది.

తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తుంటే ఎండిన రేగడి చేలు కనబడ్డాయి. కాలు దిగబడేంత నెర్రెలు. అప్పుడు వెలిగింది. రేగడి ఎండితే ముడుచుకుంటుంది! ఆ నెర్రెల్లో పడే పెరిగినవాణ్ణి, ముద్దమీద లేచిన పగుళ్ళను వేలితో మెత్తి మరీ కొలతలు తీసుకున్నాను. ఆమె చేతిలో పెట్టిన ముద్ద వేరు, నా వరండాలో మిగిలిన ముద్ద వేరు. "ఓరి నీ తెలివి తగలెయ్య" అని పైకే అన్నాను. పక్కసీటులో ఉన్నామె లేచి వేరే చోటికి పోయింది.

రెండోసారి అచ్చూ లేదు, గిచ్చూ లేదు. ఆకురాయి, మొద్దులాంటి పిడి బిగించిన కత్తి పట్టుకుపోయి అక్క వరండాలోనే కూర్చున్నాను. కత్తి అంచుకు గుడ్డ చుట్టి కొంచెం అరగదీయడం, అక్కకు ఇవ్వడం, మళ్ళీ అరగదీయడం. ఇవ్వడమంటే చేతికి కాదు. శకునాలు నమ్మం, మేం క్రైస్తవులం అని పాస్టరుగారి ముందు గట్టిగానే చెబుతాం గానీ, కత్తి మాత్రం చేతికి చేతికి ఇవ్వం. ఇస్తే తగువొస్తుందని మా అమ్మ కాలం నుంచీ భయం. కింద పెట్టాలి, అవతలివాళ్ళు తీసుకోవాలి. నేను బల్లమీద పెట్టేవాణ్ణి, అక్క తీసుకోలేకపోయేది. పిడి బల్లకు అంటుకుపోతే ఆమె వేళ్ళు దాని కిందికి దూరవు.

"పోనీ చేతికిచ్చేస్తానక్కా."

"వద్దురా, తగువొచ్చుద్ది" అంది, అంతే మెత్తగా.

అందుకని పిడి కిందివైపు బొజ్జలా ఉన్న చెక్కను వేళ్ళు దూరేలా లోపలికి తొలిచాను. ఈసారి ఆమె దాన్ని తీసుకుంది. పట్టుకుంది.

కోతపండగ నాడు చర్చిలో బలిపీఠం ముందు మిరపకాయల బస్తాలు, పత్తి బుట్టలు పెట్టారు. వెనక షామియానా కింద ఆడవాళ్ళు ఉల్లిపాయల ముందు కూర్చున్నారు. వాళ్ళ చివర ఒక బల్ల, కుర్చీ వేయించి అక్కను కూర్చోబెట్టాను. కోడలు చేతులు నలుపుకుంటూ వెనకే నిలబడింది. అక్క కత్తి అందుకుంది, ఉల్లిపాయ మీద పెట్టింది, నొక్కింది. తెగలేదు. ఇంకా నొక్కింది. ఉల్లిపాయ చితికింది. కోడలు ముందుకు రాబోయింది.

అక్క కత్తి ఎత్తి, అంచు మీద ఎడమచేతి బొటనవేలు ఆనించి చూసింది. తల తిప్పి నన్ను వెతికింది.

"ఏరా, పిడి మీద పెట్టిన బుద్ధి పదును మీద పెట్టలా? దీంతో ఉల్లిపాయలు కొయ్యాలా, వెన్న రాయాలా? ఇన్నాళ్ళూ ఏం గోకావురా కూర్చుని?"

వరసంతా తలలెత్తింది. గుడ్డ విప్పాక అంచు నూరాలన్న సంగతి నేను నిజంగానే మరిచిపోయాను.

"ఇంద, నూరుకురా పో" అంటూ కత్తి నా వైపు చాచింది. బల్లమీద పెట్టలేదు.

"చేతికి చేతికి ఇస్తున్నావేంటక్కా? తగువొచ్చుద్ది."

"రానీ. వచ్చి ఎన్నాళ్ళయిందిరా!"

తీసుకున్నాను. నూరి తెచ్చి మళ్ళీ ఆమె చేతికే ఇచ్చాను. ఉల్లిపాయలు అయిపోయేదాకా అందరి ముందూ తిట్లు తింటూ ఆ పక్కనే కూర్చున్నాను.