సాయిలు మామ బండికి డాష్‌క్యామ్

2023లో, వానలు వెనకబట్టి దసరా దగ్గరపడుతున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. ముంబైలో నాగ్‌పాడా దగ్గర నాకు కార్ల సామాను దుకాణం ఉంది. దుకాణం అనగానే పెద్దగా ఊహించుకోకండి. షట్టర్ ఎత్తితే నేను, ఒక స్టూలు, గోడ నిండా సీటు కవర్లు, అంతే. బండి రోడ్డు మీదే నిలబడాలి, పని రోడ్డు మీదే జరగాలి. హారన్లు, రివర్స్ కెమెరాలు, ఈ మధ్య డాష్‌క్యామ్‌లు బిగిస్తుంటాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఉండేది కామాఠిపురాలో, మా తాత పాలమూరు నుంచి కట్టుబడి పనికి వచ్చి తల దాచుకున్న చాల్‌లోనే, అంటే వరసగా ఒంటి గదులున్న పాత మేడలోనే.

డాష్‌క్యామ్ అంటే కారు ముందు అద్దానికి లోపలి వైపు అతికించే చిన్న కెమెరా. తాళం తిప్పగానే రికార్డింగ్ మొదలవుతుంది, బండి ఆపితే ఆగిపోతుంది. లోపల ఉన్న మెమరీ కార్డు నిండగానే అన్నిటికంటే పాత వీడియోను చెరిపేసి, ఆ చోట కొత్తది రాసుకుంటుంది. దీన్ని లూప్ రికార్డింగ్ అంటాం. ఏదైనా వీడియో చెరిగిపోకూడదనుకుంటే దాన్ని లాక్ చేసి పెట్టుకోవాలి.

ఈ పనిలో నాకొక చాదస్తం ఉంది. వైరు కనిపించకూడదు. కొందరు ఫిట్టర్లు కెమెరా అతికించి, వైరును అద్దం మీదుగా వేలాడదీసి, సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చి చేతులు దులుపుకుంటారు. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి బండి అయినా సరే, ఆపి సరిచేయాలనిపిస్తుంది. నా భార్య ఈ విషయంలో నన్ను పిచ్చోడి కింద జమకట్టి చాలా కాలమైంది.

ఒక ఆదివారం మా చాల్‌లోనే ఉండే సాయిలు మామ తన టూరిస్టు కారు తెచ్చి దుకాణం ముందు ఆపాడు. వరసకు మామ కాదు గానీ పుట్టినప్పటి నుంచి అలాగే పిలుస్తున్నాను. ఎన్నో ఏళ్లు అద్దెకు నలుపు పసుపు రంగుల కాలీపీలీ టాక్సీ నడిపి, చివరికి సొంత బండి కొనుక్కున్న మనిషి. పక్క సీట్లోంచి ఆయన కూతురు సుజాత దిగింది. గ్రాంట్ రోడ్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం ఆమెకు.

“అన్నా, నాన్న బండికి కెమెరా పెట్టాలె. మంచిది చూపెట్టు,” అంది సుజాత.

“నాకు కశాలా, ఎందుకీ కెమెరా? దేవుడిచ్చినయి రెండున్నయి గద,” అన్నాడు మామ.

“ఆ రెండిటి మీదనే నాకు డౌట్.”

మామ నా వైపు చూసి, చూశావా దీని నోరు అన్నట్టు తలూపాడు. సుజాత మాత్రం నవ్వలేదు. “ఈ ఏడాదిల మూడుసార్లు బండి గీక్కపోయింది అన్నా. అడిగితే ప్రతిసారి తప్పు ఎదుటోనిదే అంటడు. ఇగ కెమెరానే చెప్తది. ఇంకొక్కసారి నాన్న తప్పని తేలిందంటే బండి అమ్ముడే. ఫైనల్. ఒప్పుకున్నడు కూడ.”

“ఒప్పుకున్న,” అన్నాడు మామ, బానెట్ మీద చెయ్యేసి.

ఆమెకు ఫోను వచ్చి పక్కకు వెళ్లగానే ఆయన గొంతు తగ్గించాడు. “బండి లేకుంటే పొద్దున లేసి ఏం జెయ్యాల్రా నేను? ఖోలీల కూసోని గోడలు జూడాల్నా?” నేను కెమెరా డబ్బాలు తీసి వరసగా పెట్టాను.

కొనేవాళ్లు మొదట చూసేది తెర ఎంత పెద్దదని. నేను మొదట వద్దనేది దాన్నే. పెద్ద తెర డ్రైవరు కళ్లను రోడ్డు మీద ఉండనివ్వదు. రెండోది, లోపల బ్యాటరీ ఉన్నది తీసుకోకూడదు. ముంబై ఎండలో నిలబెట్టిన కారులో బ్యాటరీ ఉబ్బుతుంది. దాని బదులు కెపాసిటర్ ఉన్నది తీసుకుంటే వేడికి ఓర్చుకుంటుంది. మూడోది, ఫోనులో వేసే మామూలు కార్డు పనికిరాదు. రోజంతా రాసి చెరిపే పనికి తట్టుకునే ఎండ్యూరెన్స్ కార్డు వేరే ఉంటుంది. ఇవన్నీ చెప్పాక, జీపీఎస్ ఉన్న మోడల్ కావాలంది సుజాత. అది ఉంటే బండి వేగం వీడియో అడుగున అంకెల్లో పడుతుంది.

“దండగమ్మా. ఈ ట్రాఫిక్‌ల స్పీడ్ ఏముంటది?” అన్నాను.

“నాన్న ఎంత స్పీడ్ల పోతడో నాకు తెల్వాలె. అదే పెట్టు.”

పెట్టాను. వెనక్కి చూసే అద్దం చాటున, ఎడమ వైపు, డ్రైవరు చూపుకు అడ్డం రాని చోటు ఎంచుకున్నాను. వైపర్ తుడిచే మేరలోనే ఉండాలి, లేకపోతే వానలో కెమెరాకు నీటి చుక్కలు తప్ప ఏమీ కనిపించవు. అద్దాన్ని స్పిరిట్‌తో తుడిచి, అతికించి, అరనిమిషం అదిమి పట్టుకున్నాను. ట్రిమ్ టూల్ అని ప్లాస్టిక్ పుల్ల ఒకటి ఉంటుంది, ఐస్‌క్రీమ్ పుల్లకు అన్నలాంటిది. దానితో వైరును పైకప్పు అంచులోకి దూర్చుకుంటూ పోయి, ముందు అద్దం పక్కనుండే స్తంభంలోకి దింపాను. ఆ స్తంభంలో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. వైరు దాని వెనక నుంచి పోవాలి. ముందు నుంచి పోతే, బ్యాగ్ విచ్చుకునే వేళ వైరు అడ్డం పడుతుంది. అక్కడి నుంచి తలుపు రబ్బరు కింద దాచి, ఫ్యూజ్ బాక్స్‌కు కలిపాను.

మామ లోపల కూర్చుని పైనా కిందా వెతికాడు. “వైరేది రా?”

“అదే మామా పని.”

“దొంగ పని నేర్చుకున్నవ్ బేటా,” అన్నాడు, ఇష్టంగానే. ఆ ఒక్క మాటకు నా ఛాతీ రెండు అంగుళాలు పెరిగింది.

బుధవారం ఉదయం సుజాత మెమరీ కార్డు పట్టుకుని వచ్చింది. మొహం ఎర్రగా ఉంది. వెనకాల మామ, తల దించుకుని. బండి లేదు. ముందురోజు పొద్దున ఫాక్‌లాండ్ రోడ్‌లో స్కూటర్ మీద వస్తున్న ఒకాయన సాయిలు మామ కారు ముందు మూలకు తగిలి పడ్డాడట. కాలు విరిగింది. కారే వచ్చి తనను గుద్దిందని ఫిర్యాదు ఇచ్చాడు. నేను ఆగే ఉన్నానని మామ అంటున్నాడు. పోలీసులు బండిని చౌకీ దగ్గర నిలిపేసి, కెమెరా ఉంటే వీడియో తెచ్చి చూపించమన్నారు.

కార్డు ల్యాప్‌టాప్‌లో పెట్టి ఆ సమయం ఫైలు తెరిచాను. తెరంతా పసుపు. మధ్యలో ఎర్రటి మరక. పసుపు బట్టలోంచి చూస్తున్నట్టు, పక్కలనుంచి ఏవో నీడలు కదులుతున్నాయి. రోడ్డూ లేదు, స్కూటరూ లేదు.

ముందు నా పని మీదే నాకు అనుమానం వచ్చింది. లెన్స్ మీది ప్లాస్టిక్ పొర తీయడం మరిచిపోయానా? లేదు, తీసి చెత్తబుట్టలో వేసినట్టు బాగా గుర్తుంది. ఈలోగా సుజాత తండ్రి వైపు తిరిగింది.

“కెమెరా మూసినవా నాన్నా?”

ఆయన రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

“నిజం చెప్పు. తప్పు నీదే గదా, అందుకే గదా మూసినవ్?”

మామ గోడకున్న సీటు కవర్లను చూస్తూ నిలబడ్డాడు. “బండి అమ్మేయ్ బిడ్డా,” అన్నాడు చివరికి. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఆ క్షణంలో నేను కూడా ఆయన్ను అనుమానించాను. నలభై ఏళ్లు స్టీరింగ్ పట్టిన మనిషి అంత తేలిగ్గా ఆ మాట ఎందుకంటాడు?

ఎప్పటి నుంచి ఇలా ఉందో చూద్దామని ఆ రోజు మొదటి ఫైలు తెరిచాను. మొదట్లో అంతా శుభ్రంగా ఉంది. మా చాల్ గోడ, నీళ్ల డ్రమ్ములు, తీగల మీద ఆరేసిన బట్టలు. మామ ఇంజను స్టార్ట్ చేసి, గుడ్డ తీసుకుని వెనక అద్దం తుడవడానికి పోయాడు, ఆ అడుగుల చప్పుడు వినిపించింది. తరువాత బక్కెట్ బోర్లేసిన శబ్దం. అద్దానికి అడ్డంగా ఒక తల పైకి లేచింది. బాలమ్మ అత్త, మామ భార్య. బక్కెట్ మీద నిలబడి, బానెట్ మీదికి వంగి, సరిగ్గా మా కళ్లలోకి చూస్తోంది. బొటనవేలు పసుపులో ముంచి ఉంది.

మా ఇళ్లలో ఒక అలవాటు ఉంది. మంగళవారం, శుక్రవారం, అన్నం పెట్టే పనిముట్టుకు బొట్టు పెడతారు. మా తాతల కాలంలో తాపీకి, సిమెంటు మోసే గమేలాకు పెట్టారు. తరువాత కుట్టుమిషనుకు, ఇప్పుడు కారుకు. అత్త ఎప్పుడూ అద్దం పైభాగాన నడుమ పెడుతుంది. ఈసారి అద్దం వెనక గుండ్రంగా ఒక కొత్త కన్ను కనిపించింది కదా, సరిగ్గా దాని మీద పెట్టింది.

కిటికీ దించి ఉండడంతో ఆమె మాటలు కూడా మైకులో పడ్డాయి.

“ఎల్లమ్మ తల్లీ, ఈయనకు కోపమెక్కువ, చూపు తక్కువ. చెప్తే ఇనడు. నువ్వే జర ముంగట సీట్ల కూసో తల్లీ. సల్లగ ఇంటికి తోల్కరా.”

తరువాత బొటనవేలు దగ్గరికి వచ్చింది. తెరంతా పసుపైంది. ఇంకోసారి వచ్చింది, మధ్యలో ఎర్రబడింది.

సుజాత స్టూలు మీద కూలబడింది. “ఈ సంగతి నీకు తెల్సా నాన్నా?”

“బొట్టు ఉన్నది పొద్దుగాల్నే చూసిన. కెమెరాకు అడ్డమని తోచలే. చౌకీల వీడియో అన్నప్పుడు తోచింది. ఇగ పెట్టిన చెయ్యి మీదికి మాట తెమ్మంటవా? జిందగీ భర్ ఏడుస్తది మీ అమ్మ.”

“వైపర్ ఒక్క ఊపు ఊపితే పోతుండె గద మామా,” అన్నాను నేను, ఫిట్టరు బుద్ధి పోనిచ్చుకోలేక.

ఆయన నన్ను ఎంత జాలిగా చూశాడో! “ఇంటామె పెట్టిన బొట్టు వైపర్ తోని తుడుస్తరారా ఎవరన్న?”

నేను నోరు మూసుకుని మళ్లీ ప్రమాదం ఫైలు పెట్టాను. అప్పుడు కనబడింది. పసుపు కింద, తెర అడుగున, తెల్లటి అంకెలు. బొట్టు లెన్స్‌కు అడ్డం పడింది గానీ, జీపీఎస్ చెప్పే వేగాన్ని కెమెరా తనంతట తాను వీడియో మీద రాస్తుంది. దానికి ఏదీ అడ్డం రాదు. శబ్దం పెంచాను. పన్నెండు, ఏడు, మూడు, సున్నా. ఇంజను మెల్లగా గురగురమంటోంది. మామ గొంతు, ఎవరో తోపుడుబండి ఆయన్ను నెమ్మదిగా పొమ్మంటూ, “జా బాబా జా, ఆరామ్ సే.” సున్నా. తోపుడుబండి చక్రాల కిర్రు. సున్నా. సున్నా. ఉన్నట్టుండి దడేల్మని చప్పుడు, ఎవరిదో కేక. అప్పటికీ సున్నాయే.

సుజాత కళ్లు తుడుచుకుంది. తండ్రి మీద నిఘాకని నాతో పట్టుబట్టి పెట్టించిన ఫీచరే, నేను దండగ అన్న ఫీచరే, ఇప్పుడు ఆయన్ను గట్టెక్కించింది. “సారీ నాన్నా,” అని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన “చల్, చల్” అంటూ చెయ్యి లాక్కున్నాడు గానీ, ఆ చేత్తోనే ఆమె తల నిమిరాడు.

చౌకీలో ఆ వీడియో రెండుసార్లు విన్నారు. స్కూటర్ ఆయన్ను మళ్లీ అడిగితే, తోపుడుబండిని తప్పించబోయి ఎదురుగా వచ్చేశానని ఒప్పుకున్నాడు. సాయంత్రానికి బండి చాల్‌కు వచ్చింది. అయితే సుజాత మరో మాట వదల్లేదు. “చూపు తక్కువని అమ్మ ఊరికే అంటదా?” అని వెంటబడి డాక్టరుకు చూపించింది. కుడికంట్లో శుక్లం. మునుపటి మూడు గీతలూ కుడి వైపే పడ్డాయని అప్పుడు మామే చెప్పాడు. ఆపరేషన్ అయి డాక్టరు సరేననే దాకా బండి తీయనని ఒప్పుకున్నాడు.

అత్తకు నేను అద్దం మీద వేరే చోటు చూపించాను. సంగతి తెలిసి, మామ పరువు తీయబోయినందుకు ఆమె కెమెరానే నాలుగు తిట్లు తిట్టింది.

ఆపరేషన్‌కు ముందురోజు మామ ఒక్కడే దుకాణానికి వచ్చాడు. జేబులోంచి కార్డు తీశాడు.

“మల్ల బండి తీస్తే ఆ బొట్టు పెట్టిన వీడియో చెరిగిపోతదా?”

“పోతది మామా. కార్డు నిండితే పాతది పోతది.”

“లాక్ చెయ్యి.” కార్డు నా చేతిలో పెట్టాడు. “నలభై ఏండ్ల సంది ఆమె ఏందో గునుగుతనే ఉన్నది. నేను ఎనక అద్దం తుడుస్తుంటి. ఎన్నడూ ఇనలే.”

లాక్ చేసి, ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను.

ఇరవై రెండేళ్లు నేను బండిని మాత్రమే చూశాను. అద్దం ఎంత వాలుగా ఉంది, వైరు ఎటు దాచాలి, ఫ్యూజ్ ఎక్కడుంది, ఇవే. నా తల్లి కూడా నా స్క్రూడ్రైవర్లకు బొట్టు పెట్టేది, అయినా నాకు తట్టలేదు. ఇప్పుడు కెమెరా బిగించే ముందు ఒక ప్రశ్న ఎక్కువ అడుగుతున్నాను: ఇంట్లో ఈ బండిని ఇంకెవరు ముట్టుకుంటారు? కొందరు వింతగా చూస్తారు. చాలామంది చెబుతారు.

మామ మళ్లీ బండి నడుపుతున్నాడు, చీకటి పడితే మాత్రం తీయడు. మంగళవారం పొద్దున పైన మా వరండా గ్యాలరీలో పళ్లు తోముకుంటూ కిందికి చూస్తుంటాను. వెనక అద్దం అలాగే మురికిగా ఉంటుంది. మామ బక్కెట్ కదలకుండా రెండు చేతులతో పట్టుకుని, అత్త పక్కనే నిలబడి వింటుంటాడు.