గొయ్యి దాటని సువర్ణరాజు

మా సువర్ణరాజు కోప్పడకుండా ఏ పనీ చెయ్యలేడు. కాఫీ వేడిగా ఉంటే వేడి మీద కోపం, చల్లారితే కాఫీ మీద కోపం. ఆగిరిపల్లిలో మా తోటా అతని తోటా పక్కపక్కనే. కాయలు కోసే గెడ చివరి చిక్కంలోంచి జారి ఒక్క మామిడికాయ నేలపడితే కోసినవాణ్ణీ, కాయనీ, నేలనీ వరసగా తిడతాడు. ఆ కేకలకి మా చెట్ల మీది ఉడతలు కూడా పని మానేసి వింటాయి.

అలాంటి మనిషి క్రిస్మస్ పోయాక టీవీకి తగిలించే వీడియో గేమ్ కొన్నాడు. మేం కాలేజీ ఎగ్గొట్టి నూజివీడు బస్టాండు దగ్గర ఆడిన కోతి గేమే. గోతులు, ముళ్ళు, మీద పడే బండలు. ఒక్క గెంతు తప్పితే మళ్ళీ మొదటికే. అప్పట్లో మమ్మల్ని ఏడిపించిన ఆ గేమ్‌కి ఎవరో కొత్త రంగులేసి మళ్ళీ వదిలారు. చచ్చిన కోతిని వెనక్కి తెచ్చే బటన్ కూడా పెట్టారు. దాన్ని చూసి సువర్ణరాజుకి ఒళ్ళు మండిపోయింది.

"ఏంట్రా రవీ ఇది! రాలిన కాయని మళ్ళీ కొమ్మకి అతికిస్తాడా వీడు? వీడి చేతికి చిక్కమిచ్చి నా తోటలో నిలబెట్టాలి!"

"నచ్చకపోతే నొక్కకు."

"నేను నొక్కను. అది అక్కడ ఉండటమే నాకు అవమానం!"

రిమోట్ మీద ఆ బటన్‌కి ప్లాస్టర్ అంటించేశాడు.

ఇంత పౌరుషం ఉన్నవాడు రోజూ మొదటి గోతిలోనే పడేవాడు. కాలేజీలో కళ్ళు మూసుకుని దాటిన గొయ్యి! పడగానే "గొయ్యి వెడల్పు చేసేశారు దొంగలు!" అని కేక. ఒకసారి ఇంటికొచ్చిన పాస్టరు గారు ప్రార్థన ముగించేలోపే "మళ్ళీ పడ్డాన్రా దేవుడా!" అని అరిచాడట.

"అన్నయ్యా, ఈయన్ని కూడా ఆ గోతిలోనే వదిలేసి రండి" అని అతని భార్య ఇన్నమ్మ నాతో మొరపెట్టుకుంది.

ఆ ఇంట్లోనే అతని మేనకోడలు షాలోమి ఉంటుంది. ప్యాకింగ్ షెడ్డులో కాయల తొడిమలు కత్తిరించడంలో ఆ అమ్మాయికి సాటి లేదు. సొన చుక్క కూడా కాయ మీద పడనివ్వదు. దీపావళికి ముందు స్కూటీ మీంచి పడి కుడిచేతి బొటనవేలు విరిగింది. కట్టు విప్పాక వేలు వంగలేదు. డాక్టరు చెప్పిన కసరత్తు నొప్పని మానేసింది. "ఇంక నేను కత్తెర పట్టలేను మామయ్యా" అని ఓ మూల కూర్చుంది.

ఆ పిల్ల పక్కన చేరి ఈయన పొద్దస్తమానం కేకలు! వినలేక షాలోమి విసుక్కునేది.

"అబ్బా! ఇలా ఇవ్వు, నేను దాటిస్తా."

గెంతించే బటన్ బొటనవేలితోనే నొక్కాలి. పళ్ళు బిగించి నొక్కేది. కోతి గోతిలో పడేది.

"నీ వల్లా కాలేదుగా!" అనేవాడు. ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టేది.

"మనిషివేనా నువ్వు?" అని ముఖం మీదే అడిగేశాను.

"నోరు మూసుకుని నీ తోటకి పో!" అన్నాడు.

ఒక మధ్యాహ్నం పూతకి మందు కొట్టే స్ప్రేయర్ కోసం వెళ్ళాను. కిటికీలోంచి చూస్తే ఒక్కడే ఆడుకుంటున్నాడు. కోతి మొదటి గొయ్యి దాటింది. ముళ్ళూ బండలూ దాటి కొండెక్కుతోంది. ఒక్క కేక లేదు. ఇంతలో పెరట్లో షాలోమి చెప్పుల చప్పుడైంది. గబుక్కున ఆట మొదటికి తెచ్చి, కోతిని తిన్నగా గోతిలోకి నడిపించాడు.

"ఎవడ్రా ఈ గొయ్యి తవ్వింది!"

"ఇలా ఇవ్వు మామయ్యా!" అని ఆ అమ్మాయి రిమోట్ లాక్కుంది.

డాక్టరు చేయించలేని కసరత్తు ఈ అరుపులమారి చేయిస్తున్నాడన్నమాట. అతన్ని తిట్టినందుకు నా మీద నాకే కోపమొచ్చింది. స్ప్రేయర్ అడక్కుండానే తిరిగొచ్చేశాను.

కోతలు మొదలయ్యేసరికి షాలోమి షెడ్డులో కత్తెర పట్టింది. మొన్న అన్నాల వేళ మామా మేనకోడలూ పంతం పట్టి ఆడారు. ఈసారి సువర్ణరాజు నిజంగానే ఆడాడు. అయినా అతని కోతి చివరి బండ కింద పడి చచ్చింది, షాలోమి కోతి కొండెక్కి కూర్చుంది.

"ఇంకొక్క ఆట!" అన్నాడు ముఖం కందగడ్డలా చేసుకుని.

"కుదరదు మామయ్యా, షెడ్డులో పనుంది" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

"చూశావురా రవీ! పనుందట! ఎంత పొగరో చూడు!" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు. ఇన్నేళ్ళలో అతను అంత సంతోషంగా తిట్టడం నేనెప్పుడూ వినలేదు.