పసుపు బెల్టు, సబ్బు నీళ్లు

లాక్‌డౌన్లు పూర్తిగా ఎత్తేసిన తర్వాతి జులైలో నన్ను బీజాపూర్ నుంచి, తెలంగాణ సరిహద్దుకు అవతలున్న భోపాల్‌పట్నం దగ్గరి ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు వ్యాయామ శిక్షకుడిగా బదిలీ చేశారు. ఆర్డరు చివర ఒక ముక్క: కరాటే కూడా నేర్పవలెను. నాకున్నది గోధుమరంగు బెల్టు, అంటే నలుపుకు ఒక మెట్టు కింద. ఆ ఆఖరి మెట్టు నేను ఎక్కనే లేదు. ఎవరూ అడగలేదు కూడా.

మా పద్ధతిలో అందరూ తెల్ల బెల్టుతో మొదలుపెడతారు. తర్వాత పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ, చివర నలుపు. ప్రతి మెట్టుకూ ఒక కటా ఉంటుంది. కటా అంటే వరుస తప్పకుండా చేసి చూపాల్సిన అడుగులూ దెబ్బలూ. అది తప్పితే బెల్టు మారదు. ఈ విషయంలో నేను మొండివాణ్ణి.

పైనుంచి వచ్చినవన్నీ తెల్ల బెల్టులే. రంగువి కావాలని రాస్తే, ఇచ్చినవి చిరిగాక అడగమన్నారు. ఒళ్లు మండింది. వంటగదిలోంచి పసుపు తెప్పించి, పెద్ద గంజు గిన్నెలో మరిగించి, తొలి పరీక్ష నెగ్గిన పన్నెండు మంది బెల్టులూ నేనే ముంచాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వాళ్లలో గట్టిది సోయం జోగి, తొమ్మిదో తరగతి. జగదల్‌పూర్ క్రీడా హాస్టల్లో సీటు రాకపోతే చదువు మాన్పించి తెలంగాణకు మిర్చి కోతలకు పంపుతామని ఇంట్లో తేల్చేశారు. సీటుకు నారింజ బెల్టు కావాలి. దరఖాస్తు ఫారం వెళ్లాల్సిన ఆఖరి రోజే జిల్లా పరీక్షకుడు జీపులో దిగాడు.

పెద్దసారు ముందు మాసిన బెల్టుతో ఏం నిలబడతానని జోగి ఆ ఉదయం దాన్ని బట్టల సబ్బుతో ఉతికింది. బోరింగు దగ్గర వరుస ఉండడంతో సరిగ్గా జాడించలేదు. సబ్బు అలాగే ఉండిపోయి బెల్టు నారింజ రంగుకు తిరిగింది. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని బట్టలుతికే ప్రతి మనిషికీ తెలుసు. ముప్ఫై ఏళ్లుగా నా చొక్కాలు మా ఆవిడ ఉతుకుతోంది కాబట్టి నాకు తెలియదు.

ఈమెకు నారింజ బెల్టు ఉందిగా, ఉన్న బెల్టుకే మళ్లీ పరీక్ష పెట్టే నిబంధన లేదన్నాడు పరీక్షకుడు. అయితే ఉందని ఫారం మీద సంతకం పెట్టండన్నాను. పాసైన రికార్డు లేదే అన్నాడు. లేదు కాబట్టే పరీక్ష పెట్టమంటున్నానన్నాను. కట్టుకున్నది నారింజ కదా అన్నాడు. అరగంట ఇలాగే తిరిగాం. విసిగిపోయి బకెట్టూ సబ్బూ తెప్పించి, ఇంకో పిల్ల పసుపు బెల్టును ఆయన కళ్లముందే ముంచాను. అదీ నారింజకు తిరిగింది. ఆయన కాగితం మీద రాసుకున్నాడు: అనర్హులు ఇద్దరు.

కళ్లు తుడుచుకుంటూ జోగే అంది: "ఏంది సార్, గింతదానికి? చింతపండు నీళ్లల్ల ముంచితే మల్ల పసుపైతది."

వంటగదికి పోయి గిన్నె తెచ్చి, రెండు బెల్టులూ ముంచి పిండింది. నిమిషంలో ఇద్దరూ ఒక మెట్టు దిగారు. పరీక్షకుడు వాటిని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, ఇప్పుడు అర్హులేనని పేర్లు ఎక్కించాడు. చింతపండు పులుసు కారుతున్న బెల్టుతోనే జోగి కటా మొత్తం తడబడకుండా చేసింది. పాసైందన్నాడు.

కానీ కొత్త బెల్టు కట్టుకున్నాకే సంతకం పెట్టాలట, అదీ నిబంధనే. అందరం బకెట్టు వైపు చూశాం. జోగి బెల్టు విప్పి సబ్బునీళ్లలో వేసింది. పరీక్షకుడు కళ్లజోడు సర్దుకుని, నిటారుగా నిలబడి, ఆ తడి నారింజ బెల్టును రెండు చేతులా అందుకుని ఆమెకిచ్చాడు.

"దీన్ని జాడించొచ్చా సార్?" అని అడిగింది.

జగదల్‌పూర్ చేరేదాకా వద్దన్నాడాయన. ఫారం ఆయన జీపులోనే వెళ్లింది. సీటు వచ్చింది.

వచ్చిన విద్యను చూపడానికే బెల్టుకు రంగు పెట్టారు. ఆఫీసు మాత్రం రంగు ఒప్పుకుంటే తప్ప విద్యను చూడదు. ఇది నేర్చుకున్నాక, రిటైరయ్యేదాకా నా రిజిస్టరులో ర్యాంకు పక్కన ఇంకో గడి గీసుకున్నాను: బెల్టు ఉతికిన తేదీ. నా చొక్కాలు కూడా ఇప్పుడు నేనే ఉతుక్కుంటున్నాను.