చివరి పేజీలు లేని ఉస్మాన్

మా ఉస్మాన్‌కు ఒక జబ్బుంది. నవల మొదలుపెడతాడు, నూట యాభై పేజీలు పరుగెత్తిస్తాడు, ముగింపు దగ్గరికి రాగానే చతికిలబడతాడు. ఇద్దరం వికారాబాద్‌లో ఒకే ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్లం. పొద్దున తాండూరులో రైలెక్కి, సాయంత్రం అదే దారిన తిరిగి వస్తాం. ఆ రైల్లోనే రాస్తాడు, ఆ రైల్లోనే నా చేత చదివిస్తాడు. ఆరేళ్లలో ఏడు సైన్స్ ఫిక్షన్ నవలలు చదివాను, ఒక్కదాని ముగింపూ చూడలేదు. నా ఖర్మ అనుకుని ఊరుకున్నాను.

ఎనిమిదోది మాత్రం నన్ను పట్టుకుంది. కంది విత్తనాలతో, నలభై కుటుంబాలతో ఒక అంతరిక్ష నౌక వేరే గ్రహానికి బయలుదేరుతుంది. భూమ్మీద రేడియో ముందు కూర్చుని వాళ్లతో మాట్లాడే మనిషి ఒక్కతే, పేరు సిద్రా. దూరం పెరిగేకొద్దీ నౌకలోవాళ్లకు భూమి మీద ధ్యాస తగ్గిపోతుంది. జవాబులు ఆగిపోతాయి. సిద్రా వాళ్లను మళ్లీ మాట్లాడించాలి. ఎలా? అది ఉస్మాన్‌కూ తెలియదు.

హైదరాబాద్‌లో ఒక ప్రచురణకర్త ఆ నవల వేస్తానన్నాడు. సోమవారంలోగా చివరి అధ్యాయం రాకపోతే ఇంకొకరి పుస్తకం వేసుకుంటానని కూడా అన్నాడు. శుక్రవారం సాయంత్రానికి మావాడు ఒక్క వాక్యం రాయలేదు. రైలు కిటికీలోంచి కందిచేలు చూస్తూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండి నాలుగు దులిపాను.

"నేనేం జెయ్యాలె మల్లీశ్వరక్కా? చిన్నప్పుడు సదివిన పుస్తకాలల్ల ఒక్కదానికి గూడ చివర లేకుండె. అంత మా అమ్మీ పుణ్యమే" అన్నాడు.

సంగతేమిటంటే, వాళ్లమ్మ ఖాదర్‌బీకి తాండూరు స్టేషన్ దగ్గర మిర్చి బజ్జీల బండి ఉంది. పొట్లాల కోసం తూకానికి కొన్న చిత్తుకాగితాల్లో పాత నవలలు కూడా వచ్చేవి. పిల్లవాడు బండి పక్కన కూర్చుని ముందునుంచి చదువుతుంటే, ఆమె వెనకనుంచి చింపుతూ పోయేది. గ్రహాంతరవాసులు భూమ్మీద దిగేసరికి మిగతా కథ ఎవరి బజ్జీల కిందో నూనె పీల్చుకుంటూ ఉండేది.

రైలు దిగి నేరుగా బండి దగ్గరికే వెళ్లాను. కొడుకు ముఖం ఎందుకు వేలాడేశాడో చెప్పి, ఆ పుస్తకాలు చింపకపోతే ఏం పోయేదని ఖాదర్‌బీని గట్టిగానే అడిగాను. వద్దన్నట్టు ఉస్మాన్ నా సంచి లాగాడు. ఆమె బజ్జీలు తిప్పుతూ, పేపర్లు కుప్పలుగా ఉండేవని, పుస్తకాలు చింపాల్సిన అవసరమే లేదని ఒప్పుకుంది. మరెందుకు చింపినట్టని నిలదీశాను.

"మొదాలు ఒక పుస్తకం మొత్తం ఇచ్చిన బిడ్డా. సదివిండు, పక్కకు పెట్టిండు, ఒక్క ముచ్చట చెప్పలే. రెండోదానికి చివర లేకుండె. జర సేపు ఏడ్చిండు, అటెన్క తనే అల్లుకుంట నాకు చెప్పిండు. వీళ్లబ్బా చనిపోయిన ఏడు అది. ఇంట్ల నాతోని మాట్లాడేటోళ్లు ఎవరున్నరు? గందుకే చింపిన."

ఉస్మాన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్నప్పుడు కూర్చున్న చోటే, బండి చక్రం పక్కన కూలబడ్డాడు. ఖాదర్‌బీ మంట తగ్గించి, ఆ నౌక ముచ్చట ఎక్కడిదాకా వచ్చిందో చెప్పమంది. అతను మొదలుపెట్టాడు. నేను అతని నోటుబుక్కు లాక్కుని గబగబా రాయసాగాను. సిద్రా వార్తలు పంపడం మానేస్తుంది. రోజుకొక కథ పంపుతుంది, ప్రతి కథనూ ముగింపుకు ముందే ఆపేస్తుంది. మిగతా కథ అడగమని నౌకలో పిల్లలు పెద్దవాళ్ల ప్రాణాలు తోడేస్తారు.

మూకుడులో బజ్జీలు మాడుతున్నాయి. తల్లికీ పట్టలేదు, కొడుక్కీ పట్టలేదు.

"మరి జవాబు ఒచ్చిందా?" అంది ఖాదర్‌బీ.

"పదకొండేండ్లకు ఒచ్చింది అమ్మీ."

"ఏమన్నరు?"

"'అటెన్క ఏమైంది?' అని అడిగిన్రు."

ఆ మాట రాసుకుని, కింద 'సమాప్తం' అని కూడా నేనే రాశాను. వీణ్ని నమ్మడానికి లేదు. ఖాదర్‌బీ మాడిన బజ్జీలు నాలుగు తీసి, నాకు పొట్లం కడదామని కాగితం కోసం చెయ్యి చాపింది. నేను నోటుబుక్కును సంచిలో దాచేశాను.