మాంత్రికుడి గుహ తలుపు

చిన్నప్పుడు ఆదివారం టీవీలో వచ్చే మాయల సీరియల్ చూస్తూ, మాంత్రికుడి గుహ తలుపు తెరుచుకోవాలని హీరోతోపాటు నేనూ మంత్రం చదివేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో జూబ్లీహిల్స్ చేరాక, ఆ సీరియల్ ఈ చుట్టుపక్కలే తీశారని తెలిసి, ఓ సెలవు రోజు ఆ షూటింగ్ చోట్లన్నీ చూద్దామని కాలినడకన బయల్దేరాను.

రాకుమారి తోట ఫంక్షన్ హాలైంది. ఫిల్మ్ నగర్‌లో రాక్షసుడి కోట ఉన్నచోట కార్లు ఆగి ఉన్నాయి. గుహ ముందుండే జంట బండలు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. విసుగొచ్చి, మంచినీళ్ల కోసం మా ఆఫీసుకే వెళ్లాను. గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన ఒకప్పుడు సినిమా, సీరియల్ సెట్లు వేసిన వడ్రంగి. ఆయన్నే అడిగాను.

"గా బండలా? మీరు నిలబడ్డ కాడనే ఉండె సార్. మీ ఆఫీసు కోసమే పేల్చిండ్రు."

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియలేదు. లోపలికెళ్లడానికి మెడలో వేసుకున్న ఐడీ కార్డు తీసి జేబులో కుక్కుకున్నాను.

"మరి గుహ తలుపు?"

"అది నేను చేసిందే, ప్లైవుడ్‌ది. సెట్టు విప్పినంక యూసుఫ్‌గూడకు తీస్కపోయి మా బాత్రూంకు పెట్టిన. ఇప్పటికీ ఉంది."

ఆ మంత్రం గుర్తు చేసుకోబోయాను. ఒక్క ముక్కా రాలేదు.

"వానకు ఉబ్బింది సార్," అన్నాడాయన. "గట్టిగ తంతెగాని తెరుసుకోదు."